సంతలో వెనక్కి లాగిన చెయ్యి

గోర్న్యా లూకా,
మార్చి 4, గురువారం.

వేహ్బియాకు రసీం సలాం. నువ్వూ, మీ ఆవిడ హాంకా, ఆ ఎర్రావూ క్షేమమని తలుస్తాను. నా రాత బాగుండదు. అయినా మన గొడవ పక్కింటివాళ్లకెందుకని నేనే రాస్తున్నాను.

తొమ్మిదేళ్లయింది, మర్చిపోయాననుకోకు. సంతలో నీ ఆవుకు నాతో బేరం కుదిరింది. దళారి మనిద్దరి చేతులూ కలిపి ఊపగానే నువ్వు పాము కరిచినట్టు వెనక్కి లాక్కున్నావు. చెయ్యి లాగితే బేరం చెడినట్టే కదా. "రసీం మొహం చూసి ఆవే వద్దందిరా" అని సంతంతా నవ్వింది. ఆనాటి నుంచి నీ గుమ్మం తొక్కలేదు.

మొన్న మన ఆసుపత్రికి నార్వే నుంచి కీళ్లవాతం డాక్టరమ్మ వచ్చింది. ఏడాదికి రెండుసార్లు వచ్చి మన సెనాదా డాక్టరుకు ఆ వైద్యం నేర్పుతోంది. మిగతా రోజుల్లో సెనాదా కంప్యూటర్లో ఆవిణ్ణి అడిగి మందిస్తుంది. ఇక సరాయెవో పట్నం పోయి పడిగాపులు పడక్కర్లేదు. మోకాలు చూపిద్దామని వెళ్తే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వేళ్ల మొదళ్లు నొక్కింది. "ధర చెప్పకుండానే చెయ్యి కలిపేస్తావేంటమ్మా" అన్నాను. సెనాదా నవ్వి, "బేరం కాదు తాతా. ఈ జబ్బున్నవాళ్లకి ఇక్కడ నొక్కితే ప్రాణం పోతుంది. ఎంత మొండివాడైనా చెయ్యి లాగేస్తాడు" అంది.

ఓరి దొంగా, ఆ రోజు నీకు నొప్పి పుట్టిందన్నమాట. నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయేది?

ఇప్పుడు నీ చొక్కా గుండీలు కూడా హాంకానే పెడుతోందని విన్నాను. వయసు మీదపడిందని కూర్చోకు. మందు పడితే వేళ్లు ఇకముందు పాడవకుండా ఆపొచ్చట. వంకరపోయాక చేసేదేమీ లేదట. ఆ నార్వే ఆవిడ వచ్చే బుధవారం వరకే ఉంటుంది. నీ పేరు రాయించేశాను.

ఇట్లు,
నీతో మాటల్లేని
రసీం

తా.క.: మోకాలి సంగతి అబద్ధం. ఆవిడ నొక్కితే నేనూ చెయ్యి లాగేశాను. నాకూ అదే జబ్బు. వారానికో సూది, ఇంట్లోనే తొడకు పొడుచుకోవాలట. నా తొడ నేనే పొడుచుకోవడానికి నాకు చెయ్యి రాదు, నా ఇంట్లో వేరే మనిషి లేరు. హాంకాను అడుగుదామంటే కోడిని కోస్తేనే కళ్లు తిరిగి పడుతుంది. నీ తొడైతే నేను నిశ్చింతగా పొడుస్తాను, తొమ్మిదేళ్లుగా ఆ ఉద్దేశంతోనే ఉన్నాను. నాది నువ్వు పొడువు. పాలబండివాడితో జవాబు పంపు. ఔనో కాదో సోమవారంలోగా తేలాలి.