చుట్టుదారి మనుషులు

అక్కా,
నేను బాగానే ఉన్నాను, అమ్మని కంగారుపడొద్దను. నా పని తెలుసుగా, కంప్యూటరులో బొమ్మ ఊరు కట్టి, జనం ఎటెలా తిరుగుతారో చూడడం. అందులో అందరూ దగ్గరదారే పట్టుకుంటారు. నిన్న ఇద్దరిని మాత్రం, మనం దర్జీ కొట్టు మీదుగా వచ్చేవాళ్ళం చూడు, అలా చుట్టుదారిన ఇంటికి నడిపించాను. మా ఆఫీసరు, "పనీపాటా లేనివాళ్ళు తప్ప అలా ఎవరు వెళ్తారమ్మా? తీసెయ్" అన్నాడు. "అక్కాచెల్లెళ్ళు సార్, కబుర్లు ఇంకా తెమల్లేదు" అన్నాను. విసుక్కున్నాడు గానీ ఉండనిచ్చాడు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా గళ్ళ దుప్పటి పంపు, ఇక్కడ చలి చంపేస్తోంది. బావని అడిగానను, బుజ్జిదానికి ముద్దులు. నువ్విప్పుడు పని నుంచి ఏ దారిన వస్తున్నావో రాయి. నేను దగ్గరదారినే వచ్చేస్తున్నాను.

నీ చెల్లి