సున్నం కింద వరద గీత

బూర్గంపాడు, 2007 ఫిబ్రవరి, సోమవారం

ప్రభువా, నీకు స్తోత్రం! బేరం కుదిరింది. సంతోషంతో అన్నం కూడా సహించలేదు.

మిర్చి వ్యాపారంలో అంతా పోయాక, గోదావరిలో మునిగిందని ఎవరూ ముట్టని ఈ ఇంటిని మా రూతు చవకగా కొన్నది. బాగుచేసి అమ్ముతానంటే నవ్వనివాడు లేడు. నా బిడ్డ తానే తాపీ పట్టింది. మళ్లీ వరదొస్తే సామాను ఎక్కించుకోవడానికి సిమెంటు అటక కట్టి, మెట్లు కూడా పెట్టింది. గోడలన్నిటికీ రంగు వేసింది కానీ, నడిమింట్లో నా ఛాతీ ఎత్తున ఇంకిపోయిన బురద గీతను మాత్రం ఉంచేసింది.

కొనేవాళ్లు వస్తున్నారని పొద్దున నేనే భయపడి దానిమీద సున్నం పూశాను. రూతు మండిపడింది.

"ఏంది నాయినా గిట్ల జేసినవ్? నీళ్లొచ్చింది అబద్ధమా?"

తడిగుడ్డతో సున్నమంతా తుడిచింది. ఇది అమ్ముడుపోకపోతే మాకింకేమీ లేదు.

వచ్చిన టీచరమ్మది దుమ్ముగూడెం. గీత పక్కన నిలబడి తన ఎత్తుతో కొలిచి చూసుకుంది. "మా ఇంట్ల నెత్తి దాంక వచ్చినయ్. బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ పాయె," అంది. మెట్లెక్కి అటక మీద కూర్చుంది. దిగితేనా!

"ఎన్నో ఇండ్లు చూసిన. నీళ్లెంత దాంక వచ్చినయో ఎవ్వరు చూపియ్యలే. ఇది నాకే ఇయ్యి చెల్లె."

నవ్వినవాళ్లంతా రేపు రండి, చూడండి నా బిడ్డ పనితనం!

రూతు అప్పుడే ఇంకో మునిగిన ఇల్లు చూసొచ్చింది. అక్కడ గీత నా తలకంటే పైన ఉందట. ఉండనీ, భయమేంటి? సున్నం డబ్బా మాత్రం నా చేతికి ఇవ్వదట...