చంద్రాపూర్ ట్రాఫిక్ సంగతి

ముంబై, 3 ఫిబ్రవరి 2000

అనంతరావు మామకు కోమల నమస్కారాలు.

నా కొత్త ఉద్యోగమేమిటని అడిగావు. కొత్తగా పుట్టిన ఇంటర్నెట్ కంపెనీల్లో ఏది పైకొస్తుందో అందరికన్నా ముందు కనిపెట్టాలి. ఏ సైటుకు వారంవారం ట్రాఫిక్ పెరుగుతుందో నేను చెబితే, మా కంపెనీ అందులో పెట్టుబడి పెడుతుంది. నేను ఏరిన మొదటి సైటుకు విచిత్రంగా చంద్రాపూర్ నుంచే ట్రాఫిక్ ఎక్కువ. ఓనర్లే దొంగలెక్క చూపిస్తున్నారని మా సారు అనుమానం. ఈ నెలలో నిజం తేల్చకపోతే ఇక్కడ నా మాట ఎవరూ వినరు. ట్రాఫిక్ సంగతి కాస్త చూసి రాయి. సైటు పేరు ఆఫీసు రహస్యం.

నీ మేనకోడలు,
కోమల

తా.క.: ఎంతమంది వచ్చారన్నదే కాదు, ఎంతసేపు ఉన్నారన్నదీ ముఖ్యం.

చంద్రాపూర్, 10 ఫిబ్రవరి

చిరంజీవి కోమలకు మామ ఆశీస్సులు.

నీ ఉద్యోగం మాట కాబట్టి, బట్టల దుకాణం గుమాస్తా ఇస్తారికి అప్పగించి జట్‌పురా గేటు దగ్గర రెండు రోజులు కుర్చీ వేసుకున్నాను. సాస్తి బొగ్గు లారీలు నూట నలభై, ఆవర్‌పూర్ సిమెంటు లారీలు తొంభై, గోండ్‌పిప్రి బస్సులు ఎనిమిది. ఆటోలు నావల్ల కాలేదు. ఏం రాస్తున్నావని పోలీసాయన అడిగితే, మా మేనకోడలి కంపెనీ ఇక్కడ డబ్బు పెడుతుందన్నాను. సాయంత్రానికి గేటు పక్క ప్లాట్ల ధర పెరిగింది. సైటు పేరు చెప్పకపోయినా ఏ వార్డో చెప్పు.

ఇట్లు,
అనంతరావు

తా.క.: ఎంతసేపు ఉన్నారన్నావు. గేటులో ఎడ్లబండి ఇరుక్కున్నప్పుడు అందరూ ముప్పావుగంట ఉన్నారు.

ముంబై, 16 ఫిబ్రవరి

మామకు నమస్కారాలు.

తప్పు నాదే. సైటంటే ప్లాటు కాదు, కంప్యూటరులో తెరుచుకునే పుస్తకం లాంటిది. ట్రాఫిక్ అంటే దాన్ని చూసేవాళ్లు. ఆ చూపులన్నీ బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటరులోని ఒకే కంప్యూటరు నుంచి వస్తున్నాయి. మంగళ, శుక్రవారాలు, రెండు నుంచి నాలుగు దాకా. అక్కడ కూర్చునేదెవరో చూడు. గట్టిగా అడిగి బెదరగొట్టకు.

కోమల

తా.క.: ప్లాట్ల బ్రోకర్లకు నా ఆఫీసు నంబరు ఇవ్వకు. ఇద్దరు ఇప్పటికే మా సారుతో మాట్లాడారు.

చంద్రాపూర్, 26 ఫిబ్రవరి

చిరంజీవి కోమలకు,

నిన్న శుక్రవారం పోయాను. గుమ్మం బయట పదకొండు జతల ఆడవాళ్ల చెప్పులు. ఒక జత మీ అత్తది. ఆ వేళకు తను గౌరమ్మ ఇంట్లో భజనకు పోతున్నానంటుంది. లోపలికి పోకుండా వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చాక 'భజన ఎట్లైంది?' అని అడిగితే, 'ఇయాల మస్తు ముందుకు పోయినం' అన్నది. షేర్లు కొంటున్నదని నా అనుమానం. ముప్పై ఏళ్ల కాపురంలో నా దగ్గర ఏదీ దాచలేదు. నాకు అన్నం సహించడం లేదు.

అనంతరావు

తా.క.: ఆమెకు అనుమానం రాకూడదని రెండోసారి వడ్డించుకుంటున్నాను.

చంద్రాపూర్, 27 ఫిబ్రవరి

బిడ్డా కోమలా, మీ గిరిజత్త రాస్తున్న. తప్పులుంటే నవ్వకు.

మీ మామ పై ఉత్తరం కవరుల పెట్టి, అంటించి డబ్బాల వెయ్యమని నాకే ఇచ్చిండు, నాకు తెలుగు చదువరాదని. మొత్తం చదివిన, ఆయన జేబుల ఉన్న నీ ఉత్తరాలు గూడ. ముందు నవ్వొచ్చింది, తర్వాత కండ్లల్ల నీళ్లొచ్చినయి.

నేను చదివింది మరాఠీ బడి. నువ్వు రెండు పేజీలు రాస్తే, మీ మామ 'మంచిగున్నదట, నిన్ను అడిగింది' అని మడిచి జేబుల పెట్టుకుంటడు. నీకు చిన్నప్పుడు కూసోవెట్టి అక్షరాలు నేర్పిండు. నేనడిగితే ఈ వయసుల నీకెందుకన్నడు. గౌరమ్మ బిడ్డ ఉజ్వల ఆ సెంటర్ల పని చేస్తది. తెలుగు అక్షరాలు దిద్దిచ్చే సైటు ఆమెనే చూపించింది. మొదట నేనొక్కదాన్నే. ఇప్పుడు పదకొండు మందిమి, ఒకటే కంప్యూటరు. మేం దొంగలెక్క కాదు. వెనుక పేజీల అందరం తెలుగుల సంతకాలు పెట్టినం, మీ సారుకు చూపియ్యి. ఒకటి మాత్రం చెప్పాలె. 'క్ష' పాఠం తెర్సుకుంటలేదు. మూడు వారాల సంది అందరం దాన్నే నొక్కుతున్నం. మీ ట్రాఫిక్‌ల సగం గదే.

నీ అత్త,
గిరిజ

తా.క.: మామకు ఇప్పుడే చెప్పకు. ఈసారి జవాబు నా పేరు మీద రాయి. ఆయనకు నేను చదివి వినిపిస్త.