డౌటీ అంటే మా సుక్కి అవ్వ

జూన్ 3, 2025
ఫోనొచ్చింది! జనగామలో ఒక ప్రైవేటు స్కూలు. ఇంగ్లిష్ టీచర్ పోస్టు. సోమవారం, వేసవి క్లాసులకొచ్చే ఏడో తరగతికి డెమో క్లాసు చెప్పాలి. ప్రిన్సిపాల్ సునంద మేడం ఒక్క మాట ఇచ్చింది: డౌటీ. దాని అర్థం, వాడుక ఇరవై నిమిషాల్లో చెప్పాలట. నచ్చితే ఉద్యోగం. లేకపోతే తండాలోనే, పత్తి చేలో కూలి.

జూన్ 4
డిక్షనరీ చూశాను. పాతకాలపు విశేషణం. ధైర్యంగా, మొండిగా పట్టు వదలని మనిషిని అలా అంటారు. డౌట్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇప్పుడు మాటల్లో ఎవరూ వాడరు, రాతల్లోనే. అదీ ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకు. అబ్బ, ఎంత బాగుందో! కానీ ఉదాహరణలన్నీ కత్తి పట్టిన వీరులవే. ఏడో తరగతికి కత్తులెందుకు?

జూన్ 5, ఉదయం ఆరు
ఉదాహరణ దొరికింది! మా నాయనమ్మ సుక్కి. అప్పట్లో అవ్వకు తండా భాష తప్ప తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. నన్ను హాస్టల్లో చేర్చుకోమని గేటు ముందు మూడు రోజులు కూర్చుంది. సీట్లు లేవన్నారు, పొమ్మన్నారు. లేవలేదు. నాలుగో రోజు నాకు ట్రంకు పెట్టుకునే చోటు దొరికింది. రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు.

జూన్ 7
పరువు పోయింది!

వాకిట్లో నిలబడి రిహార్సల్ చేశాను. అవ్వకు అర్థం కావాలని మా భాషలోనే, గొంతెత్తి. ఓ సుక్కీ, మూడు రోజులు కూర్చుంటివి, ఎండకు లేవకపోతివి, అంటూ. మా తండాలో మనిషి మంచితనాన్ని ఇలా వరసపెట్టి గట్టిగా చెప్పేది ఒక్క చావు దగ్గరే. నా బుర్రకు ఆ సంగతి తట్టనే లేదు. పక్కింటి కాళి అక్క చేతిలో చాట పడేసి శోకం పెడుతూ పరుగెత్తుకొచ్చింది. వెనక ఇంకో ఆరుగురు. బీక్యా తాత పాడెకు కట్టెలు కొట్టడానికి గొడ్డలి పట్టుకుని బయల్దేరాడు. వచ్చి చూస్తే అవ్వ మంచం మీద చాయ్ తాగుతోంది.

అందరం పడీ పడీ నవ్వాం. అవ్వ మాత్రం నవ్వలేదు. వాళ్లు పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సచ్చినంక చెప్తె నాకేమినబడ్తది బిడ్డా, మల్ల చెప్పు, అన్నది. మొదటి నుంచీ చెప్పాను. ఏడుపొచ్చింది.

జూన్ 9, మధ్యాహ్నం రెండు
అయిపోయింది. బోర్డు మీద అవ్వ పేరు రాసి కథ చెప్పాను. సెంటెన్సులు చెప్పమంటే చేతులే చేతులు! ఒకడు వాళ్ల బస్సు డ్రైవరన్న డౌటీ అన్నాడు, టైరు పంక్చరైనా స్కూలు ఎగ్గొట్టనివ్వడట. సునంద మేడం మాత్రం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, ఫోన్ చేస్తం తల్లీ, అని వెళ్లిపోయింది.

జూన్ 10
రాలేదు.

జూన్ 11
వచ్చింది! ఉద్యోగం నాదే. మేడం తర్వాత గొంతు తగ్గించి, మీ అవ్వ ఎన్నడు పోయింది శిరీషా, అని అడిగింది.

ఫోన్ అవ్వ చేతికిచ్చాను.