స్క్రైబ్ ఫారంలో ఒక గడి

మంగళవారం, రాత్రి

ఎల్బీనగర్‌లో బండి మీంచి పడి కుడిచెయ్యి చచ్చుబడ్డాక, ఈ రోజే మళ్లీ చైతన్యపురి కోచింగ్‌లో పరీక్ష రాశాను. ఎడమచేత్తో. మూడు గంటల్లో ఎనిమిది ప్రశ్నలకు రెండే రాయగలిగాను. మిగిలినవి సార్ నోటితో అడిగారు. అన్నీ చెప్పాను.

"నీకన్నీ ఒస్తయమ్మా. రాసేటోళ్లను పెట్టుకో," అన్నారు.

ఇన్నాళ్లూ స్క్రైబ్ వద్దన్నది నేనే. నా జవాబులు వేరొకరి చేతిరాతలో ఉండటం ఊహించుకోలేకపోయాను.

ఇంటికొచ్చి, "స్క్రైబ్ కోసం ఫారం నువ్వు నింపమ్మా, నేను చెప్తా," అన్నాను. అమ్మ నా పేరు, కర్మన్‌ఘాట్ అడ్రసు గుండ్రంగా రాసింది. ‘స్క్రైబ్ ఎందుకు కావాలి’ అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"కుడిచెయ్యి పనిచెయ్యదని రాయమ్మా."

"దినాం నూనె పెట్టి రుద్దుతున్న గదా బిడ్డా. ఒస్తది. గట్ల నేనెట్ల రాయాలె?"

పెన్ను నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. గిన్నెల చప్పుడు మాత్రం లేదు.

ఆ గడి నేనే నింపాను. వంకర అక్షరాలతో, ‘కుడిచెయ్యి ఇక పనిచెయ్యదు’ అని.

డాక్టరు కూడా ఇంతవరకు అనలేదు, ఆ ‘ఇక’ అన్న మాట...