పద్దెనిమిది వోల్టుల నవ్వు

ప్రియమైన మా బంగారు తల్లికి,

మీ అమ్మ నవ్వింది!

ముందు క్షేమసమాచారాలు రాసి, ఆ తర్వాత అసలు సంగతికి రావడం పద్ధతి. ఈ పూటకి ఆ పద్ధతిని గట్టు మీద పెట్టాను. మూతి ఒక పక్కకి లాగి చిన్నగా నవ్విందనుకునేవు. కాదు, పకపకా నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారి, నేను తువ్వాలుతో తుడవాల్సి వచ్చింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆవిడ నోట్లోంచి ఇంత చప్పుడు రావడం ఇదే మొదటిసారి.

ఎలాగో చెబుతాను విను. అటక మీద రంగు డబ్బాల వెనకాల పాత టేప్ రికార్డరు దొరికింది. లోపల క్యాసెట్టు కూడా ఉంది. అది నువ్వు పుట్టకముందుది. వంతెనలకి రంగులు వేసే పనిలో నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాణ్ణి కదా. ఆ రోజుల్లో నాకు రాయాలంటే చచ్చేంత భయం, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. అందుకని మా మేస్త్రీ దగ్గర టేపు అడుక్కుని, మీ అమ్మకి చెప్పాల్సినవన్నీ అందులో చెప్పి పంపేవాణ్ణి. వాటిలో మిగిలింది ఇదొక్కటే.

మన వీధికి పగలు కరెంటు ఉండటం లేదు. టేప్ రికార్డరుకి పట్టే లావు బ్యాటరీలు ఏ కొట్లోనూ లేవు. నువ్వు పోయినసారి తెచ్చిన సోలార్ ప్యానెల్ పెరట్లో ఖాళీగా పడి ఉంది. దాని తీగలు రెండూ తెచ్చి బ్యాటరీల గూట్లో తగిలించి మీట నొక్కాను. ఎండ చూస్తే మండిపోతోంది.

తల్లీ, ఏం గొంతు వచ్చిందనుకున్నావు! తోక మీద కాలేస్తే ఎలకపిల్ల అరిచినట్టుంది! "ఏమేవ్, కుళాయి సరిగ్గా కట్టేస్తున్నావా? నా సైకిలు మీ తమ్ముడికి ఇచ్చావంటే ఊరుకోను!" అని ఆ ఎలకపిల్ల దర్జాగా హుకుం జారీ చేస్తోంది. మీ అమ్మ ఒకసారి టేపు వంక, ఒకసారి నా వంక చూసింది. అంతే, పగలబడి నవ్వింది.

ఎదురింటి దర్జీ అమ్మాయి కుట్టేది కుట్టినట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు బాబాయిగారూ నవ్వింది?"

"ఈ ఇంట్లో నవ్వడానికి ఎంతమంది ఉన్నారమ్మా! మీ పిన్నే!"

ఆ అమ్మాయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. నేను వీధిలోకి వెళ్ళి కనబడ్డవాళ్ళందరికీ చెప్పొచ్చాను. ఒకాయన ఎవరో దారినపోయేవాడట, ఆయనకీ చెప్పాను. ఎండ ఎటు జరిగితే అటు ప్యానెల్ మోసుకుంటూ పెరడంతా తిరుగుతున్నాను.

గొంతు అంత వేగంగా ఎందుకు వస్తోందో తీరిక దొరికినప్పుడు రాయి.

నేల మీద కాలు నిలవని,
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

సరుకుల బండి వచ్చేసరికి నీ ఉత్తరం తడిసి ముద్దయి ఉంది. అయినా ఒక్క అక్షరం వదలకుండా చదివాను. పనివాళ్ళందరి ముందు ఏడ్చాను. మా కొండ మీద ఫోను పనిచేయదని ఎప్పుడూ ఇంత తిట్టుకోలేదు. ఆ నవ్వు వినాలనుంది నాన్నా.

కానీ ముందు ఒక పని చెయ్యి. ఆ సెట్టు తొమ్మిది వోల్టులది. ప్యానెల్ పద్దెనిమిది ఇస్తోంది. దాంట్లో వేగాన్ని అదుపు చేసే భాగం పాడైపోయి ఉంటుంది, అందుకే నువ్వు ఎలకపిల్లవయ్యావు. ఇలాగే వేస్తూ పోతే ఏదో ఒక రోజు పొగ వచ్చి సెట్టు కాలిపోతుంది. టేపు కూడా దానితోపాటే పోవచ్చు.

వోల్టేజి తగ్గించే చిన్న పరికరం ఉంటుంది గానీ, అది ఇక్కడా లేదు, అక్కడా దొరకదు. ప్యానెల్‌నే మార్చేద్దాం. నీ భాషలో చెబుతాను. అందులో చిన్నచిన్న పలకలు నిచ్చెన మెట్లలాగా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కో మెట్టుకి అర వోల్టు. నువ్విప్పుడు చిటారు దాకా ఎక్కుతున్నావు. సగంలో దిగిపోతే చాలు.

వెనకాల నల్ల డబ్బా ఉంటుంది. ముందు ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పు, ఎండ తగలకూడదు. డబ్బా మూత తీస్తే మూడు రేకులు కనబడతాయి. ఎర్ర తీగ చివరి రేకుకి ఉంటుంది. దాన్ని విప్పి నడిమి రేకుకి బిగించు. నల్ల తీగ జోలికి పోకు. తర్వాత దుప్పటి తీసి, సైకిలు షాపు అతని దగ్గర మీటరు తెచ్చి చూడు. తొమ్మిది దగ్గర చూపిస్తే పని అయిపోయినట్టే.

గంట పని కూడా కాదు. రేపే చెయ్యి.

అమ్మకి నా బదులు ఒక ముద్దు పెట్టు. నువ్వు కూడా కాస్త కూర్చో నాన్నా.

నీ కూతురు

*

ప్రియమైన మా ఇంజనీరమ్మకి,

నిచ్చెన సంగతి భలే చెప్పావు! సైకిలు షాపువాడికి చదివి వినిపించాను. "మీ అమ్మాయి చెబితే గోడకి కూడా అర్థమవుతుంది బాబాయ్" అన్నాడు. నన్ను గోడ అన్నాడో, నిన్ను పొగిడాడో తేలలేదు.

తీగ ఇంకా మార్చలేదు. డబ్బా స్క్రూలు తుప్పు పట్టాయి. స్క్రూడ్రైవరు ఎక్కడో పెట్టాను. మొన్నంతా గాలిదుమారం. నిన్న కుదురుతుందనుకుంటే మీ అమ్మ ఉదయం నుంచే టేపు వంక చూస్తోంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి నేను డబ్బాలు విప్పుకుంటూ ఉంటే బాగుంటుందా? ఒక్కసారి వేసి మారుద్దామనుకున్నాను. వేశాక ఇంకోసారి వేద్దామనిపించింది.

ఎంత బాగా నవ్వుతోందో తెలుసా! ఇప్పుడు టేపు తిరగక్కర్లేదు, మీట మీద వేలు పెడితే చాలు, మొదలైపోతుంది. ఒకసారి వేలు కూడా పెట్టలేదు, నేను గదిలోకి అడుగు పెట్టానంతే! చూడు, నా మొహం కూడా ఎలకపిల్ల మొహంలాగే కనబడుతున్నట్టుంది.

సెట్టు కాస్త వేడెక్కుతున్న మాట నిజమే. విసనకర్రతో విసురుతున్నాను. నిజం చెప్పనా? ఆ గొంతు బాగుపడితే అందులో నవ్వడానికి ఏముంటుందే? ఉత్త నేనే కదా ఉండేది.

మారుస్తానులే. తొందరపెట్టకు.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న,
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఇది ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నువ్వు గదిలోకి అడుగు పెడితేనే అమ్మ నవ్విందని రాశావు. నాకెందుకో మనసు కీడు శంకించింది. వారానికోసారి మా పనివాళ్ళని చూడ్డానికి ఒక డాక్టరుగారు వస్తారు, ఆయన్ని అడిగాను. మెదడుకి అలాంటి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి నవ్వు, ఏడుపు వాటంతటవే పొంగుకొస్తాయట. లోపల సంతోషం ఉండక్కర్లేదట. ఎక్కిళ్ళు వచ్చినట్టే వస్తుందన్నారు.

అమ్మది అదేనని ఆయన అనలేదు. చూడకుండా చెప్పలేనన్నారు. కానీ ఒక మాటన్నారు. తీగ మార్చి, టేపుని అసలు గొంతుతో వేసి చూడమన్నారు. కిచకిచలు లేకపోయినా అలాగే నవ్వితే, అది నవ్వు కాకపోవచ్చు. నవ్వకుండా వింటే, అమ్మకి అన్నీ అర్థమవుతున్నట్టు.

నాన్నా, కోపం తెచ్చుకోకు.

నీ కూతురు

*

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మీ డాక్టరుగారు మీ అమ్మని చూశారా? ఆవిడ నన్ను పెళ్ళినాటి నుంచీ చూసి నవ్వుతూనే ఉంది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటే నవ్వింది. వంతెన మీద నుంచి రంగు డబ్బా జారి మేస్త్రీ నెత్తిన పడిందంటే రెండు రోజులు నవ్వింది. అది కూడా ఎక్కిళ్ళేనా? ఎక్కడో కొండ మీద కూర్చుని మా ఇంట్లో నవ్వుకి ఆయన పేరు పెడతాడా?

నేను తీగ మార్చను. సెట్టు కాలితే కాలనీ.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నువ్వెప్పుడూ సంతకానికి ముందు ఏదో ఒకటి తగిలిస్తావు. ఈసారి ఉత్త 'మీ నాన్న' అని ఉంది. అది చూశాక నాకు అన్నం సయించలేదు.

అది నవ్వే అయ్యుండాలని నాకు లేదనుకున్నావా? ఇక్కడ కొండ అంచున ప్యానెళ్ళు బిగిస్తూ రోజంతా అదే కోరుకుంటున్నాను. కానీ నాన్నా, అది జబ్బయితే మందుందట. అమ్మకి అర్థమవుతున్నట్టయితే మాట నేర్పించే కసరత్తులు వెంటనే మొదలుపెట్టాలట, ఆలస్యమయ్యేకొద్దీ నోరు బిగుసుకుపోతుందట. ఏదో ఒకటి తేలకపోతే రెండూ చెయ్యలేం. నీ నవ్వు కోసం అమ్మ మాట పోగొడదామా?

ఇంత కఠినంగా రాసినందుకు నన్ను తిట్టు. కానీ తీగ మార్చు.

ఎప్పటికీ నీ కూతురు

*

ప్రియాతిప్రియమైన నా తల్లికి,

ఇది చివరిదాకా లేవకుండా చదువు. నేను మాత్రం లేస్తూ కూర్చుంటూ రాస్తున్నాను. అక్షరాలు గంతులేస్తే నా తప్పు కాదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దర్జీ అమ్మాయి వచ్చి మీ అమ్మ పక్కన కూర్చుంది. వాళ్ళ అన్నయ్య పోయాడట పాపం. మీ అమ్మ చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ చెబుతోంది. మీ అమ్మ నవ్వింది. పకపకా. అచ్చం అదే నవ్వు.

ఆ పిల్ల లేచి, "పర్లేదు బాబాయిగారూ, పిన్నికి తెలీదుగా" అంటూ వెళ్ళిపోయింది. ఆ 'తెలీదుగా' నా చెవిలో మేకులా దిగింది. వెనక్కి తిరిగి మీ అమ్మని చూశాను. ఇన్నాళ్ళూ నోరే చూశాను తల్లీ, ఆ రోజు కళ్ళు చూశాను. నోరు నవ్వుతోంది, కళ్ళు మాత్రం బెదిరిపోయి ఉన్నాయి. ఎవరైనా వచ్చి ఆ నోరు మూస్తే బాగుండునన్నట్టున్నాయి.

ఇక ఆగలేదు. తెల్లవారగానే ప్యానెల్ మీద దుప్పటి కప్పాను. స్క్రూలకి నూనె చుక్కలు వేసి విప్పాను. నువ్వు చెప్పినట్టే మూడు రేకులున్నాయి. ఎర్ర తీగ విప్పి నడిమి రేకుకి బిగించాను. నల్ల తీగని చూడను కూడా చూడలేదు. సైకిలు షాపువాడు మీటరు పెట్టాడు.

"తొమ్మిదే గానీ, ముల్లు వణుకుతోందేమిట్రా?" అన్నాను.

"వణికేది ముల్లు కాదు బాబాయ్, తీగలు పట్టుకున్న మీ చెయ్యి" అన్నాడు.

వాణ్ణి పంపించేసి మీట నొక్కాను. ముందు గాలి చప్పుడు వచ్చింది. వంతెన మీద గాలి. తాళ్ళు కిర్రుమంటున్నాయి. తర్వాత నేను. ఎలకపిల్ల కాదు, నేనే. అంత బలమైన గొంతు నాకు ఉండేదని నేనే మరిచిపోయాను. కుళాయి అన్నాను, సైకిలు అన్నాను. మీ అమ్మ వంక చూసే ధైర్యం లేక గోడ వంక చూస్తూ నిలబడ్డాను. నవ్వు వస్తుందేమోనని భయం. ఇన్నాళ్ళూ ఏ నవ్వు కోసం పరుగులు తీశానో, అదే రావద్దని మొక్కుకున్నాను.

రాలేదు.

ఎంతసేపటికీ రాలేదు. మెల్లగా తల తిప్పాను. ముందుకి వంగి, బాగున్న చెయ్యి టేపు మీద ఆనించి వింటోంది. బుగ్గల మీద నీళ్ళు. మొహంలో అలజడి లేదు.

ఆ క్యాసెట్టు చివర్లో, హుకుంలన్నీ అయిపోయాక, కొత్తగా పెళ్ళయినవాడు పెళ్ళాంతో చెప్పుకునే మాటలు కొన్ని ఉన్నాయి. ఎలకపిల్ల గొంతులో అవి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ గంట కొట్టినట్టు వినబడుతోంది. అవి నీకు రాయను, తండ్రిని.

అప్పుడొక మాట వినబడింది.

"చాల్లే!"

తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది ఆ గొంతు. టేపులోదనుకున్నాను. టేపులో ఆడగొంతు లేదు కదా!

"ఏమన్నావే? ఏమన్నావు?" అన్నాను.

మీ అమ్మ నా వంక చూడలేదు, వీధి గుమ్మం వంక చూసింది. తలుపు బార్లా తీసి ఉంది. అవతల దర్జీ అమ్మాయి మిషను చప్పుడు ఆగిపోయి ఉంది. నా మాటలు వీధంతా వింటోందని మీ అమ్మకి సిగ్గేసింది! మొహమంతా ఎర్రగా చేసుకుని, కూడబలుక్కుని, "చా...ల్లే" అంది మళ్ళీ.

టేపు ఆపేసి తలుపు వేశాను. తర్వాత ఏం చేశానో సరిగ్గా గుర్తు లేదు. గంతులేశానని దర్జీ అమ్మాయి చెబుతోంది. కిటికీలోంచి చూసిందట. ఆ అమ్మాయి లోపలికి రాగానే మీ అమ్మ చెయ్యి చాపి, తన తల ఆ పిల్ల భుజం మీద పెట్టుకుంది. ఆ పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఈసారి మీ అమ్మ నవ్వలేదు.

మీ డాక్టరుగారికి నా నమస్కారాలు చెప్పు. నోటికొచ్చినట్టు రాశాను, ఏమీ అనుకోవద్దను. నవ్వుకి మందేదో రాసి పంపమను. కసరత్తులు నేర్పేవాళ్ళెక్కడున్నారో కనుక్కో, ఎంత దూరమైనా ఎత్తుకెళతాను. ఆ నవ్వులో జబ్బు పాలెంతో, మీ అమ్మ పాలెంతో నేను తేల్చలేను. ఈ మాటలో మాత్రం జబ్బు లేదు తల్లీ. ఇది పూర్తిగా మీ అమ్మే.

ఇంకా చాలా రాయాలి. మీ అమ్మ నిన్నటి నుంచి ఏమేం సైగలు చేసిందో, అద్దం ఎలా అడిగిందో, నేను సగం సగం పెట్టుకున్న గుండీలు చూసి ఎలా మూతి విరిచిందో, సైకిలు షాపువాడు మీటరు అద్దె వద్దని ఏమన్నాడో, అసలు ఆ వంతెన ఎంత పొడుగంటే

రాస్తూ రాస్తూ పైకి చదువుతున్నాను. మంచం మీద నుంచి ఇప్పుడే మళ్ళీ ఆ మాటే అంది.

ఆపేస్తున్నాను.

మాట జవదాటని,
మీ నాన్న