అటక మీది పూతరేకుల డబ్బా

కొత్తపేట,
17-8-1951.

చి.సౌ. రత్నమాలను నాన్న ఆశీర్వదించి రాసే ఉత్తరం.

ఇక్కడ క్షేమమే. ఇంట్లో ఉన్నది నేనూ, మీ మేనత్త అప్పాయమ్మా మాత్రమే కనక "అందరం" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అక్కడ రాజోలులో నువ్వూ, అల్లుడు శ్రీరామమూర్తీ, మీ అత్తగారూ క్షేమమని తలుస్తాను.

కళ్ళజోడు సంగతి అడిగావు. అమలాపురంలో అద్దాలు మార్పించాను. ఇప్పుడు అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి, మనుషులు కూడా. రెండోదాని వల్ల సుఖం లేదు. పెరట్లో అరటిగెల కోశారా అన్నావు. కోశాం. మీ అత్తయ్య సగం వీధికి పంచి దాత అనిపించుకుంది. పురాణం చెప్పడం ఎందుకు మానేశానని మూడో ప్రశ్న. దానికి జవాబు కింద ఉంది.

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ అత్తగారు పార్వతమ్మగారు రాయించిన ఉత్తరమూ వచ్చింది. అందులో ఉన్నదేదీ నీ దాంట్లో లేదు. ఇల్లంతా కునుకు తీసే మధ్యాహ్నం వేళ నువ్వు కొట్టుగదిలో దూరి బెల్లం, అటుకులు, నైవేద్యానికి చేసిన సున్నుండలు, ఏది దొరికితే అది ఊపిరి తిప్పుకోకుండా తింటున్నావట. తాళం వేస్తే పచ్చిబియ్యం నోట్లో పోసుకున్నావట. సోమవారం, శనివారం, ఏకాదశి ఉపవాసాలు పెట్టించినా మారలేదట. "ఎనిమిదో ఏటి నించీ ఉన్న దొంగబుద్ధేనటండి, అప్పాయమ్మగారే చెప్పేరు. వినాయక చవితి వెళ్ళగానే పంపించేస్తాం. మారితే అప్పుడు చూద్దాం" అని ముగించారు.

అప్పాయమ్మను నిలదీశాను.

"నేనేవైనా అబద్ధం చెప్పేనా అన్నయ్యా? నా వియ్యాలవారి కోసం తెప్పించిన డబ్బా ఖాళీ చేసింది నీ కూతురు కాదూ? మూతినిండా పంచదారే. ఊరంతా చూసేరు."

"ఊరంతా చూసేలా లాక్కొచ్చి నిలబెట్టింది నువ్వేనే."

రెండు రోజులుగా మాటల్లేవు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇక ఈ జబ్బు సంగతి. జబ్బనే అంటున్నాను. సంస్కృతంలో, తెలుగులో, ఇంగ్లీషులో చాలా పుస్తకాలు తిరగేశాను. తిండిపోతు మీద హాస్యం బోలెడంత ఉంది. ఏడుస్తూ తినేవాడి గురించి నాకెక్కడా కనబడలేదు. అది ఆకలి కాదు, రుచీ కాదు. మూడో ఉండ దాటాక నాలుకకి ఏమీ తెలియదు. అయ్యాక మూతి తుడుచుకుని, రేపు మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకుంటాం. ఒట్టు నిలబెట్టుకున్న మర్నాడే మళ్ళీ కొట్టుగది.

ఇదంతా నాకెలా తెలుసని నువ్వు అడగవు.

మీ అమ్మ పోయిన ఏడాది నాకది ముదిరింది. ఏకాదశినాడు జనానికి ఉపవాస మహిమ చెప్పి, ద్వాదశినాడు తలుపేసుకుని నలుగురి తిండి తినేవాణ్ణి. మన వైద్యుడు అరుగుదలకి లేహ్యం ఇచ్చాడు. అరిగింది, ఇంకా తిన్నాను. చివరికి అమలాపురం డాక్టరు బంగారరాజుగారి దగ్గర నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు.

"రెండు రోజులు కట్టేసిన గేదెని విప్పితే ఏం చేస్తదండి పంతులుగారూ? చేలో పడతది. గేదెని తిట్టి లాభం ఏటండి? ముందు ఆ ఉపవాసాలు మానండి. మూడు పూటలా, వేళకి, ఎవరో ఒకరి ఎదురుగా తినండి. తప్పు జరిగినా సరే, మర్నాడు పొద్దున్న మామూలుగానే తినాలి."

"పురాణం చెప్పేవాణ్ణి, ఏకాదశి మానమంటారా?"

"ఆయ్. పురాణమే మానండి."

మానేశాను. రెండేళ్ళు పట్టింది. పూర్తిగా పోయిందని చెప్పను. కిందటి కార్తీకంలో ఒకరోజు మళ్ళీ అటక ఎక్కాను. మర్నాడు పొద్దున్న ఆయన చెప్పినట్టే వేళకి అన్నం తిన్నాను. అదే కష్టం.

మీ ఇంట్లో మగవాళ్ళయ్యాక అత్తగారు, ఆవిడయ్యాక నువ్వు, మూడు గంటలకి, గిన్నెలో మిగిలింది తింటావని నాకు తెలుసు. వారానికి రెండు రోజులు అదీ లేదు. నువ్వు కొట్టుగదికి వెళ్ళడం వింత కాదు.

ఇప్పుడు ఆ డబ్బా. ఆత్రేయపురం నించి వచ్చిన ఆ పూతరేకులు అటక మీద దాచింది మీ అత్తయ్య. మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కింది నేను. చివరిదానికి వచ్చేసరికి నువ్వు కింద నిలబడి చూస్తున్నావు. నోరు మెదపకుండా ఉండడానికి చివరిదాంట్లో సగం నీ నోట్లో పెట్టాను. సాయంత్రం మీ అమ్మ నిన్ను కొడుతుంటే నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. చెప్పలేదు. పదమూడేళ్ళయింది, ఇప్పటికీ చెప్పలేదు. నేను పేజీ తిప్పాను.

ఎవరెవరి మీదో కోపంతో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ అత్తయ్య చూసింది చూసినట్టు చెప్పింది. దాచింది నేను.

ఈ ఉత్తరం మీ అత్తగారికీ, అల్లుడికీ మొదటి నించి చివరిదాకా పైకి చదువు. నీకు గొంతు రాకపోతే అల్లుణ్ణి చదవమను. నమ్మకపోతే వచ్చే శుక్రవారం నన్నే అడగమను. గోదారి పోటు మీదుంది, అయినా బోడసకుర్రు రేవు దాటి వస్తాను.

కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట భోంచేసి చెయ్యి కడగకూడదన్న పట్టింపు ఇన్నాళ్ళూ పాటించాను. నీ గడపలో మంచినీళ్ళు తాగి వెనక్కొచ్చేవాణ్ణి. శుక్రవారం మీ ఇంట్లోనే భోంచేస్తాను, పన్నెండు గంటలకి. నా పక్కన నీకు విస్తరి వేసేదాకా కూర్చోనని మీ అత్తగారికి ఇప్పుడే చెప్పు.

ఇట్లు,
ఆనాడు అరుగు మీంచి లేవని
మీ నాన్న.